మాటకు ముందు మాట

ఈ ప్రత్యేక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిమ్మని మన సంఘము వారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. ఆపై ఈ చెన్నపట్నముననే యొక కార్యాలయములో ముప్పదియారు సంవత్సరములు గుమాస్తాగా నుండి, చిత్తుప్రతులు వ్రాయుచు, శుభ్రప్రతులు సరిచూచుచు, దస్త్రములకు దారములు కట్టుచు కాలము గడిపి విశ్రాంతి పొందిన వారము. అట్టి వారికి భాషను గూర్చి వ్రాయు అధికారమెక్కడిదని చదువరులు అడుగవచ్చును. మా సమాధానమొక్కటే. కవికి మాట అలంకారము. గుమాస్తాకు మాట ఉత్తరువు. కవి మాట తప్పిన పద్యము చెడును. గుమాస్తా మాట తప్పిన ఒకని బ్రతుకు చెడును. ఇది మేము పుస్తకములలో చదివి చెప్పునది కాదు.

ఈ వ్యాసమునకు తక్షణ కారణము మా మనుమరాలు. దానికి తొమ్మిదేండ్లు. ఇంగ్లీషు మాధ్యమపు పాఠశాలలో చదువుచున్నది. కడచిన వేసవిలో ఒకనాడు మేము గుడికి బయలుదేరుచుండగా అది వాకిట నిలిచి, "తాతయ్యా, ఇల్లు తాళం ఎక్కడ పెట్టావు?" అని యడిగినది. మరునాడు, "కన్ను డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతావు?" అన్నది. ఇంటిలో ఎవ్వరును తప్పు పట్టలేదు, అర్థమైనది గదా! కాని మాకు చెవిలో ముల్లు గ్రుచ్చుకొన్నట్లయినది. ఇంటి తాళము ఇల్లు తాళమైనది. కంటి డాక్టరు కన్ను డాక్టరైనాడు. చిత్రమేమనగా, అదే పిల్ల ప్రక్కయింటి వారితో తమిళమున మాటాడునప్పుడు "వీట్టు చావి" అని తప్పులేకుండ అనును. "వీడు" అను మాట మరియొక పేరునకు ముందు నిలిచినప్పుడు "వీట్టు" అగునని దానికి వీధి నేర్పినది. "ఇల్లు" అట్లే "ఇంటి" యగునని నేర్పవలసిన వారము మేము. మేము నేర్పలేదు.

ఇంతకును ఆ చిన్న "టి" చేయు పనియేమి? ఒక పేరును గూర్చి మరికొంత చెప్పదలచినప్పుడు దాని ముందొక మాటను నిలుపుదుము. పెద్ద గోడ యన్నచో "పెద్ద" విశేషణము. అది గోడ యొక్క గుణమును చెప్పును. రాతి గోడ యన్నచో ముందున్నది విశేషణము కాదు. రాయి యను నామవాచకమే. అది విశేషణము చేయవలసిన పని చేయుటకు వచ్చినది. తెలుగున అట్లు వచ్చిన నామము పలుమారు వేషము మార్చుకొని వచ్చును. రాయి రాతి యగును. ఇల్లు ఇంటి, కన్ను కంటి, ఏరు ఏటి, నోరు నోటి, చేయి చేతి, తాడి తాటి యగును. గుఱ్ఱము గుఱ్ఱపు బండిలోను, ఇనుము ఇనుప పెట్టెలోను రూపము మార్చుకొనును. వీనిలో కొన్నిటిని వ్యాకరణవేత్తలు ఔపవిభక్తికములనిరి. మా కార్యాలయపు భాషలో చెప్పవలెనన్న, ఇది బంట్రోతు వేసికొను బిళ్ల వంటిది. ఆ బిళ్లను చూడగనే వాడు తనంత తాను రాలేదనియు, వెనుక అధికారి యొకడు వచ్చుచున్నాడనియు తెలియును. "ఇంటి" యనగానే వెనుక ఇంకొక మాట రానున్నదని చెవి సిద్ధపడును.

అన్ని మాటలును ఇట్లు మారవనుట నిజమే. చెరువు నీరు, పెరుగన్నము, పాల చెంబు అను వానిలో మొదటి రెండును ఉన్నవి యున్నట్లే నిలిచినవి. ఇంగ్లీషునుండి వచ్చిన కారు, బస్సు, రైలు, స్కూలు మొదలైనవియు మారవు. ఊరి పొలిమేర యందుము గాని కారి తలుపు అనము. కారు తలుపే యందుము. మా మనుమరాలి చుట్టునున్న వస్తువులలో సగము ఇట్టి మారని పేర్లవే. స్కూలు బ్యాగు, బస్సు పాసు, ఫోను చార్జరు అని దినమెల్ల వినుచున్న పిల్ల ఇల్లు తాళమన్న ఆశ్చర్యమేమి? దాని చెవికి ఇల్లు కూడ ఒక ఇంగ్లీషు మాటవలెనే వినబడినది.

మేము బాల్యమున జార్జిటౌనులో ఒక తెలుగు పాఠశాలలో చదివితిమి. మా తెలుగు పండితులు పాఠమున సమాసము కనబడినప్పుడెల్ల "విగ్రహవాక్యము చెప్పుము" అని బెత్తము నెత్తెడివారు. రెండు పదములు కలిసి యొక పదమైనప్పుడు వాని నడుమ దాగిన సంబంధమును విప్పి చెప్పుటయే విగ్రహవాక్యము. నల్లకలువ యనగా నల్లనైన కలువ. రాజభటుడనగా రాజు యొక్క భటుడు. వయోవృద్ధుడనగా వయస్సుచేత వృద్ధుడు. తల్లిదండ్రులనగా తల్లియు తండ్రియు. ముక్కంటి యనగా మూడు కన్నులు గలవాడు. "సమాసము మూట వంటిదిరా, విప్పి చూడక బియ్యమనుకొని తెచ్చినచో ఇంటికి పోయిన తరువాత ఉప్పు బయలుపడును" అని వారు హెచ్చరించెడివారు. మేము విగ్రహవాక్యములను వల్లెవేసి మంచి మార్కులు తెచ్చుకొంటిమి. వానితో జీవితమున పనిపడునని యనుకొనలేదు.

ఈ విద్యకును ఈ నగరమునకును గల బంధము చిన్నది కాదు. పరవస్తు చిన్నయసూరి గారు ఇక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా నుండిరి. వారి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అందు సమాసములకొక పరిచ్ఛేదమే కలదు. సంస్కృత పదములు తమలో తాము కలిసినవి సాంస్కృతికములనియు, తెలుగు పదములు కలిసినవి ఆచ్ఛికములనియు, రెండును కలగలిసినవి మిశ్రములనియు వారు విభజించిరి. పల్లెయు ఊరును కలిసి పల్లెటూరు అగుటయు, పూవును తోటయు కలిసి పూదోట యగుటయు వారు చూపిన దారినే మేము నేర్చితిమి. దానికి ఆరేండ్లు ముందు, 1852లో, సి.పి. బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూడ ఈ పట్టణముననే అచ్చయినది. సముద్రపు గాలి సోకు ఈ నాలుగు వీధులలో మన భాషకు లెక్కలు కట్టబడినవి. ఆ వీధులలో పెరిగిన మేమే ఆ లెక్క తప్పితిమి.

కార్యాలయమున చేరిన తరువాత మాకు ఇంగ్లీషుతో పనిపడినది. ఇంగ్లీషున నామము నామమునకు ముందు నిలుచునప్పుడు ఏ బిళ్లయు వేసికొనదు. స్టోన్ అను మాట తానొక్కటి యున్నను స్టోనే, వాల్ అను మాట ముందు నిలిచినను స్టోనే. మరి అది విశేషణమైనదా యన్న, కాలేదు. బిగ్ అను విశేషణమునకు ముందు వెరీ అని చేర్చవచ్చును. స్టోన్ ముందు చేర్చరాదు. గోడ బిగ్ అని చెప్పవచ్చును. దుకాణము షూ అని చెప్పరాదు. రెండును కలిసి వచ్చినప్పుడు విశేషణము ముందును, నామము గోడకు దగ్గరగాను నిలుచును. మనమును పెద్ద రాతి గోడ యందుము గాని రాతి పెద్ద గోడ యనము గదా. ఈ వరుసలో రెండు భాషలును ఒక్కటే.

వచనము విషయమున మాత్రము మనవారందరును తడబడుదురు. మనకు చెప్పులు అమ్మునది చెప్పుల దుకాణము. వారికది షూ షాపు. మనది పది రూపాయల నోటు; వారిది టెన్ రూపీ నోటు. మేము చేరిన క్రొత్తలో "టెన్ రుపీస్ నోటు" అని వ్రాసి చీవాట్లు తింటిమి. నోటిలో ముప్పదిరెండు పండ్లున్నను వారి కుంచె టూత్ బ్రష్షే; ఒక్క పంటికే యన్నట్లుండును. సరే, ముందు నిలుచు నామము ఏకవచనముననే యుండవలెనని నేర్చికొన్న మరునాడే అకౌంట్స్ ఆఫీసరు గారి సంతకము కోసము పోవలసివచ్చినది. అక్కడ బహువచనమెందులకని అడిగితిమి. "వాడుక" అని మా పెద్ద గుమాస్తా గారు సెలవిచ్చిరి. గుమాస్తాకు అదియే వ్యాకరణము.

పేరు ముందు పేరు నిలుచుట సులభము. వాని నడుమ సంబంధమును గ్రహించుట కష్టము. నువ్వుల నూనె నువ్వులనుండి వచ్చినది. తలనూనె తలనుండి వచ్చినది కాదు, తలకు రాచుకొనునది. దీపపు నూనె దీపములో పోయునది. పట్టుచీర పట్టుతో నేసినది. కంచిచీర కంచిలో నేసినది. పెండ్లిచీర పెండ్లికి కట్టునది. ఈ భేదములను ఏ అక్షరమును చెప్పలేదు. లోకజ్ఞానము చెప్పినది. మన "టి"యు "పు"యు ఏ మాట ఏ మాటకు కట్టుబడినదో చెప్పును గాని, ఆ కట్టు ఎట్టిదో చెప్పవు. ఇంటిలో ఇది చాలును. చీరను చూచియు నూనెను వాసన చూచియు తెలిసికొనవచ్చును. కాగితము మీద వాసన రాదు. మూడు నాలుగు మాటలు వరుసగా నిలిచి, ఒక్కటియు బిళ్ల వేసికొనని ఇంగ్లీషు ఉత్తరువు చేతికి వచ్చినప్పుడు లోకజ్ఞానము కూడ లేనివాడు ఏమి చేయునో ఇక చెప్పెదము.

అది 1984వ సంవత్సరము, కార్తికపు వానల కాలము. మేము పనిచేయు కార్యాలయపు ఆవరణలో వెనుకవైపు రెండు రకముల నివాసములుండెడివి. ఒక ప్రక్క పక్కా గదుల వరుస. మరియొక ప్రక్క కొన్ని రేకుల కొట్టములు; ఉద్యోగులకు చోటు చాలనప్పుడు తాత్కాలికముగా వేసినవి. పై కార్యాలయమునుండి ఇంగ్లీషున ఒక ఉత్తరువు వచ్చినది. టెంపరరీ స్టాఫ్ క్వార్టర్స్ పదునైదు దినములలో ఖాళీ చేయింపవలెనని దాని సారాంశము. జాబితా తయారుచేయు పని మాకు అప్పగింపబడినది. మాకప్పుడు ఇరువదియారేండ్లు. త్వరగా పని ముగించి మెప్పు పొందవలెనను ఆశ. టెంపరరీ స్టాఫ్ అను జంటను మా బల్లమీద దినదినము చూచుచునే యుంటిమి. హాజరు పట్టీలో తాత్కాలికోద్యోగుల పుట మీద ఆ మాటలే యుండెడివి. కావున ఆ రెండును కలిపి చదివితిమి. పక్కా గదులలో కాపురమున్న తాత్కాలికోద్యోగుల పేర్లు మూడు వ్రాసి, నోటీసులు టైపు చేయించి, సంతకము చేయించి పంపితిమి.

ఆ ముగ్గురిలో ఇద్దరు కొంత చదివినవారు. ఎవరెవరినో ఆశ్రయించి గడువు సంపాదించుకొనిరి. మూడవవాడు రాత్రి కావలి కాయువాడు. గూడూరు ప్రాంతమునుండి వచ్చినవాడు. అక్షరము ముక్క రాదు. ఆ విభాగమున తెలుగు మాటాడు గుమాస్తా మేమొక్కరమే యగుటచే నోటీసు చేతబట్టుకొని మా బల్ల యొద్దకే వచ్చినాడు. చదివి అర్థము చెప్పితిమి. వాడు కొంతసేపు నిలిచి, "టెంపరరీ ఇల్లా అయ్యా, నేనా?" అని యడిగినాడు.

ప్రక్కనున్నవారు నవ్విరి. మేమును నవ్వితిమి. వాడు చమత్కరించినాడనుకొంటిమి. "నీవేనయ్యా" అని చెప్పి పంపివేసితిమి.

వాడు మరి అడుగలేదు. నాల్గవనాడు వానలో భార్యను, మూడు నెలల బిడ్డను, ఒక ట్రంకు పెట్టెను రిక్షాలో నెక్కించుకొని వ్యాసర్పాడిలో బావమరిది గుడిసెకు పోయినాడు. పదునొకండు దినములు గడచినవి. ఇంజనీరుగారు తనిఖీకి వచ్చి, రేకుల కొట్టము లింకను ఏల ఖాళీ కాలేదని కోపించిరి. కూలద్రోయవలసినవి అవియట. ఉత్తరువులో తాత్కాలికములు ఇండ్లు, మనుష్యులు కారు. తప్పును సవరించుచు వేరొక ఉత్తరువు వ్రాయబడినది. దాని చిత్తుప్రతియు మేమే వ్రాసితిమి. కాని అప్పటికే వాని గది మరియొకరికి ఇయ్యబడినది. ఖాళీ అయిన పిమ్మట చూతమనిరి. వ్యాసర్పాడినుండి రాత్రి పనికి నడచి వచ్చుచు, తడిసిన బిడ్డకు జ్వరము వచ్చినదని రెండుమార్లు సెలవడిగి, ఆ నెలాఖరున జీతము తీసికొని వాడు వెళ్లిపోయినాడు. మరల మేము వానిని చూడలేదు. మమ్ము ఎవ్వరును దండింపలేదు. దస్త్రమున మా పేరు లేదు. ఈ సంగతి మేము ఇంతవరకు మా యింటివారికి కూడ చెప్పియుండలేదు.

"టెంపరరీ ఇల్లా, నేనా?" ఆ ప్రశ్నయే విగ్రహవాక్యము. తాత్కాలికోద్యోగుల ఇండ్లా, ఉద్యోగుల తాత్కాలికపు ఇండ్లా? తెలుగున వ్రాసియున్నచో "ల" యను ఒక్క అక్షరమును, మాటల వరుసయు దానిని తేల్చియుండెడివి. మేము ఆనాడు తెలుగున అర్థము చెప్పుటకై ఒక రూపమును ఎన్నుకొనక తప్పలేదు. ఎన్నుకొనుచున్నామని మాత్రము మాకు తోచలేదు. మార్కులు తెచ్చుకొన్న మేము మూట విప్పలేదు. బడి మొగము చూడనివాడు విప్పి మా ముందు పెట్టినాడు. మేము నవ్వితిమి.

ఆ తరువాత మేము మూర్ మార్కెట్టులో పాత పుస్తకముల అంగళ్ల చుట్టు తిరిగి ఇంగ్లీషు వ్యాకరణములు రెండు మూడు కొంటిమి. ఆ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతియైనది. ఆ పుస్తకములు మాత్రము మా యొద్ద నిలిచినవి. వానివలన తెలిసినదేమనగా, ఇంగ్లీషువారు ఈ చిక్కును కొంత గొంతుతో తీర్చుకొందురు. ఇంగ్లీష్ టీచర్ అను చోట ఇంగ్లీష్ మీద ఊనిక యుంచిన ఇంగ్లీషు నేర్పు గురువు. టీచర్ మీద ఊనిక యుంచిన ఇంగ్లీషు జాతికి చెందిన గురువు. గ్రీన్ హౌస్ అనుచు మొదటి మాటను ఒత్తి పలికిన మొక్కలు పెంచు అద్దాల ఇల్లు. రెండవదానిని ఒత్తిన పచ్చరంగు ఇల్లు. నేడు పాఠశాలలలో బల్లలు ఆకుపచ్చవైనను వానిని బ్లాక్ బోర్డులనియే అందురు; అతికిపోయిన సమాసములో రంగు మాట రంగును చెప్పుట మానినది. కాని ఊనిక చెవికే గాని కంటికి కనబడదు. ఉత్తరువులు చెవికి రావు.

ఇది చదివినప్పుడు మాకు చిన్ననాడు విన్న ఇంద్రశత్రు కథ జ్ఞప్తికి వచ్చినది. తన కుమారుని ఇంద్రుడు చంపినాడను కోపముతో త్వష్ట ఇంద్రుని చంపు కుమారుని కోరి హోమము చేసెను. ఇంద్రునికి శత్రువు, అనగా ఇంద్రుని సంహరించువాడు అని ఆయన తలంపు. అట్టి తత్పురుష సమాసమునకు స్వరము కడపట నుండవలెను. మంత్రమున మొదటి పదము మీద పలుకబడినది. అంతట అది బహువ్రీహి యైనది: ఇంద్రుడే సంహర్తగా గలవాడు. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేత చచ్చెను. తైత్తిరీయ సంహితలోని ఈ కథను పతంజలి మహాభాష్యమున స్మరించినాడు. పాశ్చాత్య భాషావేత్తలును తమ సమాసములను వర్గీకరించుటకు తత్పురుష, బహువ్రీహి, ద్వంద్వములను మన పేర్లనే నేటికిని వాడుచున్నారు. త్వష్టకు తన తప్పు ఫలము తనకే దక్కినది. గుమాస్తా తప్పు ఫలము ఇతరులకు దక్కును.

నాటినుండి మాకొక అలవాటయినది. రెండు మాటలు జంటగా కనబడిన విప్పి చూతుము. ఈ నగరపు పేర్లే మాకు పాఠములైనవి. ముత్యాలపేటలో ముత్యములు ముత్యాల యైనవి. మన బహువచనపు వేషమే అది. పెద్దనాయకునిపేట యన్నచో పెద్దదైన నాయకుని పేటయా, పెద్దనాయకుడను వాని పేటయా? రెండవదే సరి. కుంపిణీ నాళ్లలో పట్టణమునకు కావలి కాయు బాధ్యత వంశపారంపర్యముగా గలవానికి పెద్దనాయకుడని పేరు. ఒక కావలివాని పేర పేట యొకటి నిలిచినది. ఈ రెండు పేటలును కలిసిన పట్టణమును తెల్లవారు బ్లాక్ టౌన్ అనిరి. ఊరు నల్లనిది కాదు. ఆ విశేషణము ఊరిని దాటి అందలి మనుష్యులను తాకినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆ విశేషణమును తీసివేసి రాజు పేరును ముందు నిలిపి జార్జిటౌను చేసిరి.

నగరపు పేరే చూడుడు. 1639లో ఇంగ్లీషువారికి ఈ చోటు ఇచ్చిన దామెర్ల వారి తండ్రి చెన్నప్పనాయకుని పేర చెన్నపట్నమైనదని ప్రసిద్ధమైన కథనము. పట్నము ప్రధానము, చెన్న దానికి ముందు నిలిచిన మాట. 1996లో అధికారికముగా చెన్నై యని పేరు పెట్టినప్పుడు ప్రధానమైన పట్నము జారిపోయినది. ముందు మాట ఒక్కటే మిగిలినది. ఇట్లు మాటకు ముందు నిలిచిన మాట కొన్నిమారులు అసలు మాట కంటె ఎక్కువ కాలము బ్రతుకును.

మన సంగతియు ఇట్టిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు ఈ పట్టణము ఇటే నిలిచినది. మా తండ్రిగారును ఇటే నిలిచిరి. బెజవాడలో బంధువుల పెండ్లికి పోయిన మేము మదరాసువారము. ఇక్కడి వీధిలో తెలుగువారము. రెండు మాటలును కలిపి మదరాసు తెలుగువారమనుకొందుము. తెలుగున ప్రధానమైన మాట కడపట నుండును. కావున మదరాసు మనకు విశేషణము. తెలుగు మన ప్రధానము. వ్యాకరణము ప్రకారము ఇది నిజము. ఇంటిలో నిజమగునో కాదో పిల్లల నోరు చెప్పవలెను.

పిల్లల నోట నిలుపుటకు పెద్ద గ్రంథములు అక్కరలేదు. బంధువులను పిలుచు మాటలు చాలును. అమ్మమ్మ యనగా అమ్మ యొక్క అమ్మ; నాయనమ్మ యనగా నాయన యొక్క అమ్మ. ఇంగ్లీషు గ్రాండ్ మదర్ లో ముందున్నది ఘనత చెప్పు విశేషణము. ఆమె ఎవరి తల్లియో అది చెప్పదు. పెదనాన్న, చిన్నాన్న, మేనమామ అను ముగ్గురును అంకుల్ అను ఒక్క మాటలో మునిగిపోవుచున్నారు. ఇంటిపేరు అను మాటలో సైతము ఇల్లు ఇంటి యయినది. ఆ ఇంటిపేరు మన పేరునకు ముందు నిలిచి, మనము ఎవరివారమో చెప్పును. దానిని ఒక ఇంగ్లీషు అక్షరముగా కుదించి చుక్క పెట్టుచున్నాము.

వేసవి సెలవులలో మా మనుమరాలితో మేమొక ఆట మొదలుపెట్టితిమి. ఒకరు రెండు మాటలు చెప్పవలెను. మరియొకరు మూట విప్పవలెను. రాయి, గోడ అన్న రాతి గోడ. రాతితో కట్టిన గోడ. చేయి, కఱ్ఱ అన్న చేతికఱ్ఱ. చేతిలో పట్టుకొను కఱ్ఱ. మొదట "చేయి కఱ్ఱ" అనెడిది. వారము దినములలో సరిదిద్దుకొన్నది. వీట్టు, ఇంటి రెండును అక్కచెల్లెండ్రని చెప్పగా దానికి మిక్కిలి సంతోషము కలిగినది. ఇప్పుడు తాళము వెదకునప్పుడు మమ్ము చూచి నవ్వుచు "ఇంటి తాళం" అని "టి"ని ఒత్తి పలుకును.

మొన్న ఆదివారము అది తన పలకఫోనులో ఏదో వ్రాసికొనుచు తలయెత్తి, "తాతయ్యా, నేను చెన్నై తెలుగు పిల్లను కదా. అంటే చెన్నై తెలుగు మాట్లాడే పిల్లనా, చెన్నైలో ఉండే తెలుగు పిల్లనా?" అని యడిగినది. దాని తల్లి వంటయింటినుండి విని నవ్వినది. మేము నవ్వలేదు. నలుబదియేండ్ల క్రిందట మా బల్లముందు నోటీసు పట్టుకొని నిలిచినవాడు మా కన్నులకు కట్టినాడు. ఆనాడు వాని ప్రశ్నకు అరనిమిషము కూడ ఇయ్యని మేము, కండ్లజోడు తీసి ప్రక్కన పెట్టి, పిల్లను దగ్గరకు పిలిచి, "కూర్చో అమ్మా, రెండు విధాలా విప్పి చూద్దాం" అని చెప్పితిమి.